వెండి పుట్టినిల్లు ఎక్కడ?

చొక్కా గుండీ కన్నా పెద్దగా ఏమీ ఉండదు. అరంగుళం వెడల్పు, గ్రాముకు అటూ ఇటూ బరువు. ఒక వైపు ముళ్ళపందిని తలపించే గీతల బొమ్మ, రెండో వైపు చుక్కలూ అడ్డగీతలూ. రాజు పేరు లేదు, ఊరి పేరు లేదు, ఏడాది అసలే లేదు. 7వ శతాబ్దం చివరి రోజుల్లో ఇంగ్లండు తూర్పు తీరంలోనూ, సముద్రానికి అవతల నేటి నెదర్లాండ్స్‌లోనూ చేతులు మారిన తొలితరం వెండి పెన్నీ ఇది. తర్వాతి కాలపు పండితులు దీనికి ‘స్కియాట్’ అని పేరు పెట్టారు. ఆ పేరు పొరపాటుదని తేలినా నాణేలు సేకరించేవాళ్ళ నోట అదే నిలిచిపోయింది.

పొలాల్లో లోహశోధక యంత్రాలు పట్టుకు తిరిగే ఔత్సాహికుల పుణ్యమా అని ఇలాంటివి ఇంగ్లండులో ఇప్పటికి 7,000 దాకా బయటపడ్డాయి. మిగతా ఆంగ్లో-శాక్సన్ కాలమంతటికీ, అంటే 5వ శతాబ్దం నుంచి 1066 వరకు, దొరికిన నాణేలు దాదాపు అన్నే. ఎటొచ్చీ ఒక్కటే చిక్కు. ఆ రోజుల్లో ఇంగ్లండులో వెండి గని నడిచిన దాఖలా లేదు. మరి ఇంత వెండి ఎక్కడిది?

చరిత్రకారులు అరవై డెబ్భై ఏళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. ఫ్రాన్సులోని గనుల నుంచి వచ్చిందన్నారు కొందరు. చర్చిల్లోని పాత్రలు కరిగించి ఉంటారన్నారు ఇంకొందరు. రాతప్రతులు ఈ విషయంలో పెదవి విప్పవు. చివరికి నోరు విప్పాల్సింది వెండే అయింది. దానిచేత మాట్లాడించడానికి ప్రయోగశాలలు పడ్డ పాట్లు, మధ్యలో తిన్న ఎదురుదెబ్బలు, జవాబంత రసవత్తరంగా ఉంటాయి.

వెండి కథ నిజానికి బంగారంతో మొదలవుతుంది. రోమన్లు 5వ శతాబ్దం మొదట్లో బ్రిటన్ వదిలి వెళ్ళాక అక్కడ నాణేల చలామణీ దాదాపు ఆగిపోయింది. తిరిగి నాణెం ముఖం చూసింది ఫ్రాంకుల దేశం (నేటి ఫ్రాన్సు ప్రాంతం) నుంచి వచ్చిన చిన్న బంగారు నాణేల రూపంలో. 1939లో ఇంగ్లండులోని సటన్ హూ అనే చోట మట్టిదిబ్బ కింద ఒక ఓడ, అందులో ఒక రాజు సమాధి బయటపడ్డప్పుడు, రాజుగారి సంచిలో అలాంటివి 37 దొరికాయి. ఏ రెండూ ఒకే టంకశాలవి కావు. వాటి మీద తేదీలు లేవు. అయినా వాటి వయసు కట్టగలిగారు. ఎలాగంటే, ఫ్రాంకుల టంకశాలలు ఏడాదికేడాది బంగారంలో వెండి పాలు పెంచుకుంటూ పోయాయి. ఏ నాణెంలో ఎంత బంగారం ఉందో తేలిస్తే అది ముందుదో వెనుకదో చెప్పొచ్చు. తేల్చడానికి నాణేన్ని కోయనక్కర్లేదు, గీయనక్కర్లేదు. గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచితే చాలు. ఆర్కిమెడీస్ స్నానాల తొట్టి కథలోని కిటుకే ఇది. వెండి కలిసేకొద్దీ నాణెం తేలికవుతుంది.

670ల నాటికి ఆ బంగారం నిజంగానే తెల్లబోయింది. పసుపు ఛాయ కూడా మిగలని నాణేన్ని బంగారమని చెప్పుకోవడం టంకశాలలకే ఎబ్బెట్టుగా తోచిందేమో, 675 ప్రాంతంలో ముసుగు తీసేసి నేరుగా వెండి నాణేలే కొట్టడం మొదలుపెట్టారు.

బంగారంలో వెండి కలిసిందంటే తూకం పట్టిస్తుంది. వెండిలో రాగి కలిస్తే పట్టుకోవడం అంత తేలిక కాదు. అందుకు కారణం మన వంటింట్లోనే కనిపిస్తుంది. నల్లబడ్డ పట్టీలనూ కుంకుమభరిణెనూ చింతపండు పులుసుతో తోమితే తెల్లగా మెరుస్తాయి. మురికి ఒక్కటే కాదు, పైపొరలో ఆక్సీకరణం చెందిన రాగిని కూడా పులుపు కరిగించి పట్టుకుపోతుంది. కంసాలి ఇదే పని కావాలని చేస్తాడు. నగను ఎర్రగా కాల్చి పులుపులో ముంచుతాడు. పైన రాగి పోయి, కాగితం కన్నా పలచని మేలిమి వెండి తొడుగు మిగులుతుంది. మధ్యయుగపు టంకశాలల్లోనూ నాణెం బిళ్ళలను ఇలాగే తెల్లబార్చేవారు. కొత్తలో సగం రాగి ఉన్న నాణెం కూడా నూటికి తొంభై పాళ్ళ వెండిలా మెరిసేది. ఆ పైన వెయ్యేళ్ళు తడినేలలో పడి ఉంటే మిగిలిన పని మట్టి చేస్తుంది. రాగిని కొద్దికొద్దిగా తినేసి వెండిని వదిలేస్తుంది.

ఇప్పుడు నగల దుకాణాల్లో నగ పెట్టగానే శాతం చూపించే ఎక్స్‌రే యంత్రాలు ఉన్నాయి కదా, వాటితో ఇలాంటి నాణేన్ని పరీక్షిస్తే కొంపలంటుకుంటాయి. ఆ కిరణాలు వెండిలోకి దూరేది వెంట్రుక మందం కూడా ఉండదు. కాబట్టి అవి చూసేది తొడుగునే. తొలినాటి పరిశోధకుల అంకెలు కొన్ని అలాగే తప్పాయి. ఆక్స్‌ఫర్డ్‌లో 1955లో పురావస్తు ప్రయోగశాల నెలకొల్పిన ఎడ్వర్డ్ హాల్ దీనికొక ఉపాయం పన్నాడు. ఎక్స్‌రే కిరణాన్ని సన్నని మొనలా కుదించి, నాణెం అంచున కాస్త చోటు గీకి, లోపలి లోహం మీద మాత్రమే పడేటట్టు చేశాడు. దాని పేరు మిల్లీప్రోబ్. గీకుడు తెలియకుండా ఉండదు గానీ, కోసి కరిగించడంతో పోలిస్తే ఎంతో నయం. మ్యూజియం వాళ్ళు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

అలా లోపలికి చూసేసరికి ఇంగ్లీషు పెన్నీల బండారం బయటపడింది. మొదటి తరం నాణేల్లో వెండి నూటికి తొంభైకి పైనే. 8వ శతాబ్దం రెండో పాదానికి వచ్చేసరికి అది సగానికి, కొన్నింటిలో ఇంకా కిందికి జారిపోయింది. ఉత్తరాన నార్తంబ్రియా రాజ్యం ఆ తర్వాతి శతాబ్దంలో ఇంకో మెట్టు దిగింది. అక్కడి ‘స్టైకా’ల్లో వెండి చివరికి పేరుకైనా మిగల్లేదు. రాగి, జింకు కలిసిన ఇత్తడి లాంటి లోహమే మిగిలింది.

ఎంత వెండి ఉందో తెలిసింది. అది ఎక్కడిదో తెలియలేదు.

అక్కడే సీసం అక్కరకొచ్చింది. పాతరోజుల్లో వెండి ఎక్కువగా గలీనా అనే సీసపు ఖనిజం నుంచే తీసేవారు. ఖనిజాన్ని కరిగిస్తే సీసం వస్తుంది. ఆ సీసంలో వెండి పిసరంత దాగి ఉంటుంది. దాన్ని ఎముకల బూడిదతో చేసిన మూకుట్లో పోసి గాలి ఊదుతూ కాలిస్తే సీసం భస్మమై మూకుట్లోకి ఇంకిపోతుంది, అడుగున వెండి ముద్ద మెరుస్తూ మిగులుతుంది. అయితే ఎంత పుటం వేసినా సీసం పూర్తిగా వదలదు. అర శాతమో ఒక శాతమో ఉండిపోతుంది. ఆ మిగిలిపోయిన సీసంలోనే వెండి పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి.

ఎలాగంటే, సీసం పరమాణువుల్లో నాలుగు రకాలున్నాయి. బరువును బట్టి 204, 206, 207, 208. మొదటిది భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నంతే ఉంది. తక్కిన మూడూ యురేనియం, థోరియం కోట్ల ఏళ్ళ పాటు క్షీణిస్తూ ఉండగా పెరుగుతూ వచ్చాయి. ఒక కొండలో ఖనిజం ఎప్పుడు గడ్డకట్టిందో అప్పటికి ఆ నాలుగింటి పాళ్ళు ఎంతో, అంతే అక్కడ ముద్రపడిపోతాయి. గ్రీసు కొండది ఒక నిష్పత్తి, ఫ్రాన్సు కొండది మరొకటి. కాల్చినా, కరిగించినా, నాణెం చేసినా, కడియం చేసినా ఆ నిష్పత్తి మారదు.

దీనికి తోడు ఒక పుట్టుమచ్చ కూడా ఉంది. అది బంగారం. వెండిలో లేశమాత్రంగా ఉండే బంగారాన్ని సీసపు పుటం వేరు చేయలేదు. కాబట్టి గని నుంచి వచ్చిన బంగారం వచ్చినంతా నాణెం దాకా వస్తుంది.

ఇదంతా వింటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ వెండి పెళ్ళిళ్ళు ఎక్కువ చేసుకునే లోహం. పది చోట్ల వెండి ఒకే మూసలో కరిగితే పది నిష్పత్తులూ కలగాపులగం అవుతాయి. కల్తీకని కలిపిన రాగి తన సీసాన్ని తానే తెస్తుంది. పాత వెండిని శుద్ధి చేయడానికి మరో దేశపు సీసం వాడితే అసలు ముద్ర చెరిగిపోతుంది. రెండు వేర్వేరు కొండలకు ఒకే నిష్పత్తి ఉండటమూ కద్దు. అందుకే సీసం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ళు బోర్లాపడ్డారు. సీసం, బంగారం, వెండిలో లేశంగా ఉండే బిస్మత్ అనే మరో లోహం, ఈ మూడూ ఒకే మాట చెప్తేనే నమ్మాలన్నది అనుభవం మీద నేర్చుకున్న పాఠం.

2018లో ఒక కొత్త సాక్షి వచ్చింది. నాణెం కాదు, నగ కాదు, మంచుగడ్డ. స్విట్జర్లాండ్-ఇటలీ సరిహద్దులో 4,400 మీటర్లకు పైన ఉన్న కోలె న్యిఫెట్టి హిమానీనదం నుంచి 2013లో తవ్వి తీసిన మంచు స్తంభం అది. ఏటా పడ్డ మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ ఏడు గాలిలో ఉన్న ధూళీ అందులో ఉంటుంది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు క్రిస్టఫర్ లవ్‌లక్, హార్వర్డ్‌కు చెందిన మైకేల్ మెకార్మిక్, మెయిన్ విశ్వవిద్యాలయపు పాల్ మయెవ్‌స్కీ బృందం ఆ పొరలను లేజర్‌తో చదివింది. 640 ప్రాంతంలోనూ, మళ్ళీ 660 ప్రాంతంలోనూ గాలిలో సీసం ఒక్కసారిగా పెరిగింది. పశ్చిమాన ఎక్కడో వెండి కొలుములు రాజుకున్నాయన్న మాట. బంగారు నాణేలు తెల్లబోతున్నదీ సరిగ్గా అప్పుడే. పొగ ఎక్కడిదంటే, పశ్చిమ ఫ్రాన్సులోని మెల్ గనులదే అయి ఉండాలని వాళ్ళు తేల్చారు.

మెల్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఊరి పేరే గనితో వచ్చింది. లాటిన్‌లో గనిని మెటల్లం అంటారు, అదే అరిగి అరిగి మెల్ అయింది. సుత్తి దెబ్బకు లొంగని రాతి దగ్గర కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి రాయి పెట్లి పెచ్చులూడేది. అలా అంగుళం అంగుళం కాలుస్తూ కొండ లోపల కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు తొలిచారు. మసిబారిన ఆ గుహల్లో ఇప్పుడు పర్యాటకులు తిరుగుతుంటారు. డాగోబర్ట్ అనే ఫ్రాంకుల రాజు పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ మఠం కప్పు కోసం రెండేళ్ళకొకసారి 8,000 పౌన్ల సీసం ఇక్కడి నుంచి ఇప్పించాడని 9వ శతాబ్దపు గ్రంథం ఒకటి చెబుతుంది. వెండి తీయగా మిగిలిన సీసమే అంత ఉంటే, తీసిన వెండి సంగతి ఊహించుకోవచ్చు.

కాబట్టి ఇంగ్లీషు పెన్నీల వెండి మెల్‌దే అని దాదాపు అందరూ నమ్మారు. మంచు చెప్పింది, రాత చెప్పింది, కాలం సరిపోయింది. నాణేలను అడగడమొక్కటే తరువాయి.

అడిగారు. జేన్ కెర్షా, స్టీఫెన్ మెర్కెల్, రోరీ నైస్మిత్ తదితర పరిశోధకులు కేంబ్రిడ్జిలోని ఫిట్స్‌విలియం మ్యూజియం నుంచి 49 నాణేలు ఎంచుకున్నారు. 660 నుంచి 820 మధ్యవి. ఇంగ్లండువి, నెదర్లాండ్స్‌వి, బెల్జియంవి, ఫ్రాన్సువి. నాణేలను గడప దాటించలేదు. చేతిలో మోసుకెళ్ళే లేజర్ పరికరాన్నే మ్యూజియానికి పట్టుకెళ్ళారు. పైతొడుగు దాటి కంటికి ఆననంత గుంట చేసి, లేచిన ఆవిరిని వడపోత బిళ్ళ మీద పట్టి, ఆ బిళ్ళను ప్రయోగశాలకు తీసుకెళ్ళారు. 2024లో ఫలితాలు ‘యాంటిక్విటీ’ పత్రికలో అచ్చయ్యాయి.

660-750 మధ్య నాణేలు 29. అందులో మెల్ వెండి జాడే లేదు. పశ్చిమ ఐరోపాలో ఏ గనితోనూ ముడిపడలేదు. బంగారం పుట్టుమచ్చ మాత్రం ప్రస్ఫుటంగా ఉంది, 0.6 నుంచి 2 శాతం దాకా. ఆశ్చర్యం ఏమిటంటే ఇన్ని ఊళ్ళ నాణేలు, ఇన్ని బొమ్మల నాణేలు, లోపల మాత్రం ఒకే ఇంటి పిల్లల్లా ఉన్నాయి. ఆ ఇల్లు ఎక్కడంటే తూర్పు మధ్యధరా తీరంలో. కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలిన బైజాంటియం చక్రవర్తుల వెండి అది. 3వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం మొదటి దాకా ఆ సామ్రాజ్యంలో తయారైన పాత్రల వెండితో అచ్చంగా సరిపోయింది.

ఆ కాలంలో బైజాంటియం నుంచి ఇంగ్లండుకు నాణేల కోసం వెండి దిగుమతి అయిందా అంటే, అదీ కాదు. అప్పటికి ఆ సామ్రాజ్యం అరబ్బుల దండయాత్రలతో సతమతమవుతోంది. వెండి ముందే వచ్చి చేరింది. రాజులకు కానుకలుగా, ప్రభువుల విందుల్లో పళ్ళాలుగా, చర్చిలకు పాత్రలుగా తరాల ముందే వచ్చి భోషాణాల్లో నిద్రపోయింది. సటన్ హూ ఓడలోనే చూడండి. అనస్టాసియస్ చక్రవర్తి ముద్రలున్న 72 సెంటీమీటర్ల వెండి పళ్ళెం ఉంది. ఒకదానిలో ఒకటి దొంతర పెట్టిన పది గిన్నెలున్నాయి, చెంచాలున్నాయి. ఆ చక్రవర్తి ఏలింది 491-518 మధ్య. అంటే సమాధిలోకి వెళ్ళేనాటికే పళ్ళెం వయసు దాదాపు నూరేళ్ళు. ఈ తూర్పుదేశపు వెండి మొత్తం పది కిలోలకు కాస్త పైన. కరిగిస్తే దాదాపు పది వేల పెన్నీలు వచ్చి ఉండేవని పరిశోధకుల లెక్క.

తాత తినడానికి వాడిన పళ్ళేన్ని మనవడు చిల్లర చేశాడు. రాజులకు అంత డబ్బు అవసరం ఎందుకు పడిందన్న ప్రశ్నకు సముద్రపు ఒడ్డున వెలసిన సంతలే జవాబు. ఉన్ని, ధాన్యం, బానిసలు అమ్మే చోట బంగారు నాణెం మరీ పెద్ద నోటు. పళ్ళెం ఇచ్చి గొర్రెను కొనలేరు. పెన్నీ ఇచ్చి కొనొచ్చు.

మరి మంచులో కనిపించిన సీసం అబద్ధమా? అబద్ధం కానక్కర్లేదు. గాలి సీసాన్ని మోసింది గానీ చిరునామాను మోయలేదు. 640, 660ల్లో మెల్ కొలుములు మండి ఉండొచ్చు, ఆ వెండి నైరుతి ఫ్రాన్సులోనే ఖర్చయి ఉండొచ్చు. ఉత్తర సముద్రపు సంతలకు చేరలేదన్నది మాత్రం ఈ నాణేలు గట్టిగా చెబుతున్న మాట. 49 నాణేలు మరీ ఎక్కువేం కాదని ఎవరైనా అంటే కాదనలేం. కానీ 29కి 29 ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని కాకతాళీయం అనడం కష్టం.

750 తర్వాత మెల్ తన వంతు అందుకుంది. ఆ కాలపు 20 నాణేల్లో పాత వెండి స్థానే కొత్త వెండి వచ్చి చేరుతూ ఉంటుంది. బంగారం 0.01 శాతం కన్నా తక్కువ ఉన్న వెండి, మెల్ గనిదే. అది ఫ్రాంకుల రాజు షార్లమేన్ రాజ్యమంతా పాకింది, ఇంగ్లండులోకీ వచ్చింది. కాకపోతే ఇంగ్లండులో పాత వెండితో కలిసిన పాళ్ళు కనిపిస్తాయి. మూసలో రెండు తరాలు కలిశాయన్న మాట.

షార్లమేన్ 793-794లో నాణెం బరువు 1.3 గ్రాముల నుంచి 1.7 గ్రాములకు పెంచాడు. కొత్త నాణెం మేలిమి వెండిదైతే, బరువు సరిగ్గా ఉంటే ఎవరూ కాదనకూడదనీ, కాదన్న స్వతంత్రుడు 15 సాలిడీలు జరిమానా కట్టాలనీ 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభ శాసించింది. అలాంటి శాసనం ఎందుకు అవసరమైందంటే, జనం కాదంటున్నారు కాబట్టే. పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా మన బస్సుల్లో, కిరాణా కొట్లలో ముఖం చిట్లించడం చూసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. ఇంగ్లండులోని మెర్సియా రాజు ఓఫాతో షార్లమేన్‌కు వ్యాపారంలో అలకలూ ఉండేవి, రాజీలూ ఉండేవి. 796లో ఓఫాకు రాసిన లేఖలో వర్తకుల రక్షణ గురించి చెబుతూనే, మీ దేశం నుంచి వస్తున్న కంబళి పైవస్త్రాల పొడవు పాత కొలత ప్రకారం ఉండేటట్టు చూడమన్నాడు. ఆ కంబళ్ళకు చెల్లించిన వెండిలో కొంతైనా మెల్‌దై ఉంటుంది.

తర్వాత వైకింగులు వచ్చారు, వాళ్ళతో వెండి దారి మళ్ళీ మారింది. వాళ్ళకు నాణెం మీది బొమ్మతో పనిలేదు, తూకంతోనే పని. నాణేలనూ నగలనూ తుంపులు చేసి త్రాసులో వేసేవారు. మేలిమి అవునో కాదో చూడటానికి కత్తిమొనతో అంచున పొడిచేవారు. ఇప్పటికీ ఆ గాట్లు కనిపిస్తాయి. హాల్ మిల్లీప్రోబ్‌కు వెయ్యేళ్ళ ముందే, పైతొడుగును నమ్మకూడదని వాళ్ళకు తెలుసు.

వాళ్ళ వెండిలో పెద్ద భాగం మధ్య ఆసియాది. సమర్కండ్, తాష్కెంట్ ప్రాంతాల టంకశాలల్లో కొట్టిన దిర్హములనే ఇస్లామిక్ వెండి నాణేలు రష్యా నదుల మీదుగా ఉత్తరానికి చేరేవి. 1999లో స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో స్పిల్లింగ్స్ అనే పొలంలో దొరికిన లంకెబిందెల్లో వెండే 67 కిలోలు, నాణేలు 14,000 పైచిలుకు, చాలా మటుకు దిర్హములే. మధ్య ఆసియా వెండిని పట్టిచ్చేది బిస్మత్, అక్కడి దిర్హముల్లో అది ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. 2012లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో బెడేల్ దగ్గర దొరికిన నిధిలో 29 వెండి కడ్డీలూ, మెలితిప్పిన కంటెలూ ఉన్నాయి. వాటిని కెర్షా బృందం పరీక్షిస్తే ఎక్కువ భాగం పశ్చిమ ఐరోపా నాణేలు కరిగించినదని తేలింది. అందులో దోచుకున్నదీ ఉంటుంది, ‘మమ్మల్ని వదిలేయండి బాబూ’ అని చెల్లించుకున్నదీ ఉంటుంది. కానీ గణనీయమైన వాటా ఇస్లామిక్ ప్రపంచానిది. వైకింగులు దొంగలా వర్తకులా అన్న పాత తగువులో బెడేల్ కడ్డీలు రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతాయి.

నగలు కూడా ఇలాగే కోర్టు మెట్లెక్కాయి. అరచేతికి మించిన వెడల్పుతో, ఐదు ఇంద్రియాలను ఐదుగురు మనుషులుగా చెక్కిన 9వ శతాబ్దపు వెండి బ్రోచ్ ఒకటుంది. నడుమ కళ్ళు విప్పార్చుకుని చూపు, చుట్టూ రుచి, వాసన, స్పర్శ, వినికిడి. మన బిదరీ పనిలో నల్లని పాత్ర మీద వెండి పొదుగుతారు కదా, ఇది దానికి తిరగేసింది. తెల్లని వెండిలో నియెల్లో అనే నల్లపూత నింపారు. వెయ్యేళ్ళ వస్తువుకు చిన్న సొట్ట కూడా లేకపోవడమే దాని పాపం. నకిలీ అని పక్కన పెట్టేస్తే, కెప్టెన్ ఫుల్లర్ అనే ఆయన వెండి ధరకు కొనుక్కున్నాడు. తర్వాత నల్లపూతను పరీక్షిస్తే అది వెండి గంధకంతో కలిసిన పాతకాలపు నియెల్లో అని తేలింది. తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన, సీసం కలిపిన రకం కాదు. తన పేరు పెట్టాలన్న షరతు మీద ఫుల్లర్ 1952లో దాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్ళే తెలుగువాళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసే వస్తారు. అక్కడే 41వ గదిలోకి కూడా ఒకసారి అడుగుపెట్టండి. ఫుల్లర్ బ్రోచ్ అక్కడే ఉంది, చిల్లర కాకుండా తప్పించుకున్న అనస్టాసియస్ పళ్ళెమూ అక్కడే ఉంది. ప్రవేశం ఉచితం.